బాకీ ఎవరిది?

మా చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునే మాట ఒకటుండేది: "ఫలానావాడు ఐపీ పెట్టినాడంట." ఐపీ అంటే ఏమిటో మాకు తెలిసేది కాదు. ఏదో రోగం కాబోలు అనుకునేవాళ్ళం. అది ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని బి.కాం.లో చేరాక గానీ తెలియలేదు. ఇదే సంగతిని మా కోయంబత్తూరు వీధిలో తమిళులు 'మంజళ్ కడుదాసి' ఇచ్చాడనేవారు. పసుపు కాగితం అని అర్థం. ఉత్తరాదివాళ్ళు దివాలా అన్నారు, ఆ మాట మనకూ వచ్చి చేరింది. మాటలు వేరైనా మూడింటిలోనూ ఉన్న సిగ్గు ఒకటే.

ఈ మధ్య చిన్న వ్యాపారుల నోట ఆ మాటలు అంతగా వినబడడం లేదు. "కంపెనీ క్లోజ్ చేస్తున్నాం" అంటున్నారు. చెప్పడానికి బాగుంటుంది, సిగ్గు లేదు. ఆ సిగ్గు ఎక్కడికి పోయింది? పోవడం మంచిదేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. ఒక సాయంత్రం మా ఇంటి వరండాలో ఒక మనిషి నా చేతికిచ్చిన కాగితంలోంచి పుట్టింది. అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరూ ఊరిపేటా చెప్పను.

అతనిది పోత ఇనుము ఫౌండ్రీ. పంపుసెట్ల కంపెనీలకు కాస్టింగులు పోసి ఇచ్చేవాడు. తండ్రి కాలంలో అది భాగస్వామ్య సంస్థ. కొడుకు చేతికి వచ్చాక ప్రైవేట్ లిమిటెడ్ అయింది. పద్నాలుగు మంది పనివాళ్ళు. అప్పు ఇచ్చింది మా బ్యాంకు, కాగితాలు చూసింది నేను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కొలిమి చల్లబడింది. ఆ మే నెలలో ప్రభుత్వం తెచ్చిన అత్యవసర రుణ పథకం కింద, ఉన్న బాకీ మీద మరో ఇరవై శాతం అప్పు ఇవ్వవచ్చునన్నారు. తీసుకోమని నేనే చెప్పాను. 2021లో పిగ్ ఐరన్, కోక్ బొగ్గు ధరలు అతని చేయి దాటిపోయాయి. ఆ అక్టోబరులో ఫౌండ్రీ మూతపడింది. కారు, భార్య నగలు అమ్మి పనివాళ్ళ జీతాలూ గ్రాట్యుటీ ఇచ్చేశాడు. 2023లో ఇల్లు అమ్మి మా బ్యాంకుతో ఒకేసారి చెల్లింపు ఒప్పందం చేసుకున్నాడు. ఇక మిగిలింది రిజిస్ట్రార్ పుస్తకంలో కంపెనీ పేరు కొట్టివేయించుకోవడం.

2025 మధ్యలో అతను తెచ్చిన కాగితం మీద పదకొండు పేర్లున్నాయి. చెక్క అచ్చులు చేసి ఇచ్చే ఆసారికి 86,000 రూపాయలు. ఇసుక లారీ అతనికి కొంత, లేత్ పట్టే అతనికి కొంత. పనివాళ్ళకు పూటపూటా టీ, వడలు పంపిన కొట్టు ఆమెకు 11,400. మొత్తం 4,73,000.

"అన్నా, ఆడిటరు సంతకం పెట్టేయమంటాడు. పెట్టేదా?" అన్నాడు.

ఆ సంతకం సంగతి కాస్త వివరించాలి. 2013 నాటి కంపెనీల చట్టం 248వ సెక్షన్ కింద పేరు కొట్టివేయమని అడగాలంటే కంపెనీకి బాకీలేవీ ఉండకూడదు. లేవని డైరెక్టర్లు అఫిడవిట్ ఇవ్వాలి. రేపు ఏదైనా న్యాయమైన క్లెయిము వస్తే మేమే చూసుకుంటామని పూచీకత్తు బాండూ రాయాలి. ఆడిటరు సలహా ఏమిటంటే, ఈ బాకీలకు మూడేళ్ళ కాలదోషం పట్టింది, కొట్టివేసి సున్నా చూపిద్దామని. కోవిడ్ రోజులను గడువు లెక్కనుంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పినందువల్ల 2025 మార్చి దాకా ఆగారు కూడా. ఏదీ తొందరపడి చేయలేదు.

ఇక్కడ మా కామర్సువాళ్ళకు తెలిసిన ఒక విచిత్రం ఉంది. చెల్లించనవసరం లేదని ఒక బాకీని కొట్టివేస్తే, అది లాభనష్టాల ఖాతాలో ఆదాయం వైపు చేరుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 41వ సెక్షన్ కూడా దాన్ని ఆదాయంగానే లెక్కగట్టింది. అంటే ఆసారి ఉలి పట్టి చేసిన పనికి రావలసిన 86,000 ఒక్క పద్దుతో కంపెనీ సంపాదన అయిపోతుంది. ఈ పద్దు నేను వందల బ్యాలెన్స్ షీట్లలో చూశాను. 'సండ్రీ క్రెడిటర్స్' అని ఉంటుంది. సండ్రీ అంటే చిల్లర. చిల్లర మనుషులని ఎవరూ అనరు గానీ పద్దు మాత్రం అదే.

నేను చెప్పిన జవాబు కూడా దాచను. "చట్టప్రకారం వాళ్ళు కోర్టుకు పోలేరు. పెట్టేయి తమ్ముడూ" అన్నాను.

అతనితో పాటు వచ్చి మూల కుర్చీలో కూర్చున్న తండ్రి అంతదాకా మాట్లాడలేదు. ఎనభై దాటిన మనిషి. కొడుకు వైపు తిరిగి, "ఏరా, వాళ్ళు కంపెనీ మొహం చూసి ఇచ్చినారా, నీ మొహం చూసి ఇచ్చినారా?" అన్నాడు. కొడుకు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయవచ్చు. పాతకాలం మనిషి, లిమిటెడ్ అంటే ఏమిటో తెలియదని అనుకోవచ్చు. కానీ ముప్పై ఏళ్ళుగా కంపెనీ కాగితాలు చూస్తున్న నాకు ఆ ప్రశ్న చట్టం నడిబొడ్డున తగిలింది.

ముందుగా చట్టం పక్షాన చెప్పవలసింది చెబుతాను. బాధ్యతకు హద్దు పెట్టడం మోసగాళ్ళు కనిపెట్టిన ఉపాయం కాదు. ఇంగ్లండులో 1855లో ఆ చట్టం వచ్చింది. మన దేశంలో 1857లో వచ్చింది, 1860లో బ్యాంకులకూ వర్తించింది. అంతకుముందు వ్యాపారం చెడితే మనిషి ఇల్లూ గిన్నెలూ పోయేవి, అప్పు తీర్చలేనివాడు జైలుకూ పోయేవాడు. నష్టానికి ఒక గట్టు లేకపోతే కొత్త పని మొదలుపెట్టే ధైర్యం ఎవరికుంటుంది?

మనవాళ్ళకు అప్పు అనగానే హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. తెలుగువాళ్ళు ఏ రాష్ట్రానికి పోయినా కాటిసీను పద్యాలు వెంట తీసుకుపోయారు. నేనూ చిన్నప్పుడు ఆ నాటకం చూసి ఏడ్చినవాణ్ణే. ఇప్పుడు ఆ కథ తలచుకుంటే మరొకటి కూడా కనిపిస్తుంది. మాట ఇచ్చింది రాజు, అమ్ముడుపోయింది చంద్రమతి, లోహితుడు. వాళ్ళు ఎవరికీ ఏమీ బాకీ లేరు. ఒకడి సత్యానికి మరొకరి శరీరం చెల్లింపు కాకూడదని ఎవరైనా చట్టం చేసి ఉంటే, అది పరిమిత బాధ్యత చట్టంలాగే ఉండేది. మన హిందూ చట్టంలోనూ తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే సూత్రం చాలాకాలం కోర్టుల్లో నడిచింది. 2005 సెప్టెంబరు 9 నుంచి, కొత్తగా చేసిన అప్పుల విషయంలో, ఆ కారణం ఒక్కటే చూపి కొడుకు మీద దావా వేయడం కుదరదు. అదీ మంచిదే. కాబట్టి హద్దు ఉండకూడదని నేననను. ఆ హద్దు ఎవరికి చెప్పి పెట్టారన్నదే నా ప్రశ్న.

కంపెనీ చట్టం చదివిన ప్రతివాడూ సాలమన్ కేసు చదువుతాడు. లండన్‌లో తోలు బూట్ల వ్యాపారి ఆరన్ సాలమన్ 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. ఏడుగురు వాటాదారులు కావాలి గనక భార్య, కూతురు, నలుగురు కొడుకులు తలా ఒక షేరు తీసుకున్నారు. మిగతావన్నీ ఆయనవే. వ్యాపారం అమ్మిన ధరలో కొంత భాగానికి కంపెనీ ఆస్తి తాకట్టుగా డిబెంచర్లు రాయించుకున్నాడు. కొద్దికాలానికే కంపెనీ కూలింది, తాకట్టు లేని చిన్న అప్పులవాళ్ళకు ఏమీ మిగల్లేదు. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్, కంపెనీ వేరు సాలమన్ వేరు, ఆయన సొంతంగా బాధ్యుడు కాడు అని తీర్పు చెప్పింది. చిన్న అప్పులవాళ్ళ గురించి లార్డ్ మాక్‌నాటన్ అన్నదాని సారాంశం ఇది: తాము ఇక ఒక మనిషితో కాక కంపెనీతో వ్యవహరిస్తున్నామని వాళ్ళకు పూర్తిగా తెలుసు, తెలిసే అప్పిచ్చారు గనక తప్పు వాళ్ళదే.

తెలుసు అన్న ఆ ఒక్క మాట మీదే ఈ న్యాయమంతా నిలబడింది. పేరు చివర లిమిటెడ్ అని రాయమనడం ఎందుకు? అప్పిచ్చేవాడికి హెచ్చరికగా. మన చట్టం ఇంకా నయం, బోర్డు మీద పేరు ఆ ప్రాంతపు లిపిలో కూడా ఉండాలంటుంది. ఫౌండ్రీ గేటు మీద తమిళంలో 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉండేది. ఆసారి రోజూ ఆ బోర్డు కిందనుంచే లోపలికి పోయేవాడు. అక్షరాలు తమిళమే అయినా మాట ఇంగ్లీషు. 'ఈ గేటు లోపల పోయిన సొమ్ముకు ఎవరూ బాధ్యులు కారు' అని తమిళంలో రాసి ఉంటే అతను అచ్చులు అరువు మీద చేసేవాడా? టీకొట్టు ఆమె వడలు పంపేదా?

తెలిసినవాడు ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. ఎందుకంటే తెలిసినవాణ్ణి నేనే. ప్రైవేట్ లిమిటెడ్ అనగానే బ్యాంకు చేసే మొదటి పని డైరెక్టర్ల చేత సొంత పూచీ రాయించుకోవడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే చెప్పకపోతే, అసలు బాకీదారు ఎంతకు బాధ్యుడో పూచీదారూ అంతకు బాధ్యుడే. కంపెనీకి పరిష్కారం కుదిరినంత మాత్రాన పూచీదారు విడుదల కాడని 2021 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ సంతకంతో మా బ్యాంకు వరకూ లిమిటెడ్ అనే మాట చెరిగిపోయింది. అతని ఇంటి పత్రాలు మా లాకర్‌లోకి వచ్చాయి.

పుస్తకాలు చెప్పని సంగతి ఇదే. చిన్న కంపెనీల్లో బాధ్యతకు ఉన్న హద్దు అందరికీ హద్దు కాదు. పూచీ అడగగల బలమున్నవాడు దాన్ని దాటి ఇంట్లోకి వస్తాడు. అడగలేనివాడు మాత్రమే దాని దగ్గర ఆగిపోతాడు. నష్టాన్ని లెక్కగట్టి, వడ్డీలో కలిపి, తాకట్టు పెట్టించుకున్నవాడికి పూర్తి రక్షణ. నీ మొహం చూసి ఇచ్చినవాడికి కాలదోషం.

అతని ఇల్లు 53 లక్షలకు పోయింది. మాకు రావలసింది 58. ఎంతకు ఒప్పుకోవచ్చో పై కమిటీకి నోట్ రాసింది నేను. ఆస్తి విలువ కనబడుతోంది గనక 51కి తగ్గనక్కరలేదని రాశాను. మిగిలిన 2 లక్షలు అద్దె ఇంటి అడ్వాన్సుకూ కూతురి కాలేజీ ఫీజుకూ సరిపోయాయి. ఆ రోజు అతను, "అన్నా, ఐదు లక్షలు తగ్గిస్తే చిన్న బాకీలు తీర్చుకుంటా" అన్నాడు. అది బ్యాంకుకు సంబంధం లేని విషయమన్నాను. 51 బదులు 46 అని రాసి ఉంటే కమిటీ ఒప్పుకునేదో లేదో చెప్పలేను. నేను రాయలేదన్నది మాత్రం నిజం.

నా పక్షానా వాదన ఉంది. బ్యాంకు సొమ్ము నాది కాదు, పింఛను దాచుకున్నవాళ్ళ డిపాజిట్లు అవి. వాళ్ళ సొమ్ముతో నేను దాతృత్వం చేయకూడదు. ఈ వాదన నిజమే, ఇప్పటికీ కాదనను. కానీ అదే బ్యాంకులు పెద్ద పెద్ద కంపెనీల బాకీల్లో సింహభాగం వదులుకున్నప్పుడు డిపాజిట్‌దారులు గుర్తుకు రారా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

చిన్నవాళ్ళకు చట్టం తలుపులు లేవా? ఉన్నాయి. దివాలా స్మృతి 2016లో వచ్చింది. దాని ప్రకారం కంపెనీ మీద వెళ్ళాలంటే బాకీ మొదట లక్ష ఉంటే చాలు. 2020 మార్చి 24న దాన్ని కోటికి పెంచారు. లాక్‌డౌన్‌లో చిన్న కంపెనీలను కాపాడాలన్నది ఉద్దేశం, మంచిదే. కానీ పదకొండు మందీ చేతులు కలిపినా వాళ్ళ 4,73,000 ఆ తలుపు తట్టడానికి కూడా చాలదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆ చట్టం ఆసరా అందాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆసారికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

అయితే మిగిలిన బాకీ అంతా డైరెక్టరు నెత్తిన వేసి, చచ్చేదాకా తీర్చమనాలా? మార్క్ ట్వేన్ పెట్టిన ప్రచురణ సంస్థ 1894లో కూలిపోయింది. చట్టం అడగకపోయినా ఆయన ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, 1896లో మన దేశానికీ వచ్చాడు. 1898 కల్లా అందరికీ పూర్తిగా చెల్లించాడు. గొప్ప సంగతే. కానీ ఆయనకు అమ్ముకోవడానికి పేరుంది. యాభైకి దగ్గరపడ్డ ఫౌండ్రీ మనిషికి ఏముంది? చేయలేనిదాన్ని ధర్మమని చెబితే, మనిషి చేయగలిగింది కూడా మానేస్తాడు.

అందుకే ఆ పదకొండు పేర్లనూ అతనూ నేనూ కూర్చుని రెండు ప్రశ్నలతో విడదీశాం. ఇచ్చేటప్పుడు వాళ్ళకు హద్దు తెలుసా? తీసుకునేటప్పుడు తీర్చలేనని అతనికి తెలుసా? కోక్ బొగ్గు డీలరు పెద్ద వ్యాపారి. ఎందరో బాకీలు ఎగ్గొడతారని తెలిసే ధర కట్టేవాడు. అతని బాకీ చివరికి ఆగవచ్చు, వీలుకాకపోతే ఆగిపోనూవచ్చు. 2021 ఆగస్టు, సెప్టెంబరులలో తెచ్చిన సరుకు సంగతి వేరు. "అప్పటికి నిలబడతామనుకున్నావా?" అని అడిగాను. చాలాసేపటికి, "లేదన్నా. ఆర్డరు పోతుందని తెలుసు. ఇసుక మాత్రం దింపించుకున్నా" అన్నాడు. ఆశతో చేసిన అప్పు నష్టమవుతుంది. తెలిసి చేసిన అప్పు మాత్రం తీసుకోవడమే. దివాలా విచారణ జరిగితే చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. కంపెనీ గట్టెక్కదని తెలిసీ అప్పులవాళ్ళ నష్టం తగ్గించే జాగ్రత్త తీసుకోని డైరెక్టరును సొంతంగా కట్టమనగలదు.

ఇంకొకటి కూడా బయటపడింది. మూసే ముందు నెలలో బావమరిదికి 3 లక్షలు ఇచ్చేశాడు. "ఇంటి మనిషి కదన్నా" అన్నాడు. దివాలా విచారణలో అయితే అయినవాళ్ళకు అలా ముందుగా ఇచ్చినవాటిని రెండేళ్ళు వెనక్కి వెళ్ళి తవ్వుతారు. ఇక్కడ విచారణ లేదు, తవ్వేవాడూ లేడు. పెద్దాయన మాత్రం, "ఆసారి ఇంట్లో మనుషులు లేరా?" అన్నాడు.

కాలదోషం గురించి ఒక మాట చెప్పాలి. గడువు దాటితే బాకీ చచ్చిపోదు, కోర్టుకు పోయే దారి మాత్రమే మూసుకుపోతుంది. సుప్రీంకోర్టు 1950ల నుంచీ చెబుతున్న మాట ఇది. గడువు దాటిన బాకీని తీరుస్తానని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షనే ఒప్పుకుంటుంది. అంటే ఆ బాకీ ఎక్కడో బతికే ఉందన్నమాట. కోర్టులో లేకపోతే మరెక్కడ? మనిషిలోనే ఉండాలి. అలాంటప్పుడు బాకీలు లేవని అఫిడవిట్ ఇవ్వడం, నేనిచ్చిన తేలిక సలహా, నిజం కాదు. పైగా పేరు కొట్టివేసినా డైరెక్టర్ల బాధ్యత అలాగే ఉంటుందని, అప్పులవాడు ఇరవై ఏళ్ళలోపు ట్రిబ్యునల్‌కు వెళ్ళి పేరు తిరిగి పెట్టించవచ్చని కంపెనీల చట్టమే అంటోంది.

చివరికి కుదిరిన దారి కొత్తదేమీ కాదు. కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే అది. అప్పిచ్చినవాడు ఒప్పుకుంటే పాత బాకీదారు స్థానంలో కొత్తవాడు రావచ్చు, అప్పుడు పాత బాకీ తీరినట్టే. కంపెనీ స్థానంలో అతను వచ్చాడు. పదకొండు మంది దగ్గరికీ పోయి తమిళంలో కాగితాలు రాసిచ్చాడు. బావమరిది లక్ష వెనక్కి ఇచ్చాడు, అదీ గొణుగుతూనే. ఆ లక్ష ఆసారికీ టీకొట్టు ఆమెకూ పోయింది. ఆమె కొట్టు ఎత్తేసి తిరుప్పూరు వెళ్ళిపోయిందట, వెతుక్కుంటూ పోయి ఇచ్చి వచ్చాడు. లేత్ అతను ఇంటి ముందు నిలబెట్టి నాలుగు మాటలన్నాడు, ఆ తరువాతే కాగితం తీసుకున్నాడు. కోక్ డీలరు, "కొట్టేశాను, పో" అని రాసిచ్చాడు. మిగిలినవాళ్ళకు నెలకు 5,000 చొప్పున ఇస్తున్నాడు. ఇప్పుడు ఒక పంపుల కంపెనీలో జీతానికి ఉన్నాడు. ఏళ్ళు పడుతుంది. కంపెనీకి బాకీ లేదని అతను పెట్టిన సంతకం మాత్రం నిజమైన సంతకం.

దీనికి నేనేం చేశానని పాఠకులు అడగవచ్చు. గొప్పగా ఏమీ లేదు. ఒప్పందపు నోట్ రాసేటప్పుడు, చిన్న బాకీలు ఎందరికి, ఎంత అని ఒక పేరా కలుపుతున్నాను. ఇది అవసరమా అని పైవాళ్ళు ఒకసారి అడిగారు. ఫారంలో దానికి గడి లేదు. అయినా రాస్తున్నాను.

మన పత్రిక చదివేవారిలో చిన్న కంపెనీలు నడిపేవారు చాలామంది ఉన్నారు. పరాయి భాషల మధ్య తరతరాలుగా వ్యాపారం చేసుకుని బతికినవాళ్ళం మనం. మన తాతలకు ఈ ఊళ్ళో అరువు పుట్టింది ఏ బోర్డు చూసీ కాదు, మొహం చూసి. కంపెనీని మూసే రోజు వస్తే మూయండి. అందులో సిగ్గుపడవలసింది లేదు, చట్టం ఆ దారి ఇచ్చింది మంచికే. ఆఖరి సంతకానికి ముందు ఆ చిల్లర జాబితా ఒకసారి తీసి, ఒక్కొక్క పేరు దగ్గరా ఆ పెద్దాయన ప్రశ్న వేసుకోండి. బాకీ ఎవరిదో ఆ జవాబే చెబుతుంది.